ఒక్కపొద్దు నాటి సూది

శ్రావణ మాసం రెండో సోమవారం ఉదయం పది దాటాక చంద్రవ్వ తన గది గడప దగ్గర పడిపోయింది. కరీంనగర్ ఆసుపత్రిలో చూసినప్పుడు షుగర్ నలభై ఒకటికి పడిపోయి ఉంది.

కరీంనగర్ నుంచి హుస్నాబాద్ వెళ్లే దారిలో వయసు మళ్లిన వాళ్ల కోసం ఒక విశ్రాంత కాలనీ ఉంది. చంద్రవ్వ, ఆమె భర్త రామచంద్రం నాలుగేళ్లుగా అక్కడ ఉంటున్నారు. రామచంద్రం నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. అతని చేతులు వణుకుతాయి. చంద్రవ్వకు సిరంజి మీద గీతలు కనపడవు. తమ మందులు, సూదులు తాము వేసుకోలేని వాళ్లను కాలనీలో ఉంచుకోరు. చేరేటప్పుడే ఆ మాట చెబుతారు.

చంద్రవ్వకు రోజూ టిఫిన్ వేళ ఇన్సులిన్ ఇచ్చేది నవనీత. ఇంటికొచ్చి సేవ చేసే ఏజెన్సీ ఆమెను కాలనీకి పంపింది. స్నానం చేయించడం, బట్టలు మార్చడం, నడిపించడం ఆమె పని. సూదులు ఇవ్వడం ఆ పనిలో లేదు. ఒకరు అడిగితే ఇచ్చింది. తర్వాత అడిగిన వాళ్లందరికీ ఇచ్చింది. కాలనీ మేనేజర్ రంజిత్‌కు ఆ సంగతి తెలుసు.

చంద్రవ్వ పెళ్లయినప్పటి నుంచి శ్రావణ సోమవారాలు ఒక్కపొద్దు ఉంటుంది. సాయంత్రం దీపం పెట్టాకే తింటుంది. మొదటి సోమవారం నవనీత అది పట్టుకుంది.

"సూది, ఒక్కపొద్దు రెండు కుదరవవ్వా. ఏదన్నొకటి ఇడిసిపెట్టు."

"శివయ్యను ఇడిసిపెట్టుమంటవా? ఏం పిల్లవే నువ్వు!"

"శివయ్యకు నేను చెప్పుకుంట. నువ్వైతే తిను."

ఆ రోజు ఎదురుగా కూర్చుని తినిపించాకే నవనీత కదిలింది.

రెండో సోమవారం చంద్రవ్వ భోజనాల హాల్లో ఉప్మా పళ్లెం ముందు పెట్టుకుని కూర్చుంది. తింటున్నట్టు చేయి కదిపింది. నవనీత సూది ఇచ్చి మరొకరి గదికి వెళ్లగానే ఉప్మా అంతా పక్కన కూర్చున్న పొరుగు గది కిష్టవ్వ పళ్లెంలోకి వంపింది.

"నా పళ్లెం సూసి వంటాయన, అవ్వా, అది కడుపా, గోనె సంచా అన్నడు," అని కిష్టవ్వ తర్వాత చెప్పింది. "నవ్విన. గిట్లయితదని నాకేమెరుక?"

బుధవారం చంద్రవ్వ ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చింది. ఆసుపత్రి నుంచి కబురు వెళ్లడంతో, జిల్లా ఆరోగ్య శాఖ నుంచి లింగమూర్తి అనే అధికారి మర్నాడు విచారణకు వస్తున్నట్టు ఆ రోజే ఫోన్ వచ్చింది. రంజిత్ గది గదికీ తిరిగాడు.

"సారు అడిగితే ఎవల సూది వాళ్లే ఏసుకుంటున్నమని చెప్పున్రి. గంతే. ఇంకో మాట వద్దు," అన్నాడు.

రామచంద్రం భార్యకు ఆ మాట చెప్పాడు.

"నాకు గీతలే కనపడయి గదా. నేనెట్ల ఏసుకున్న?"

"జర నోరు మూసుకో. గా పిల్ల పోతే మనం గూడ పోవుడే."

గురువారం లింగమూర్తి భోజనాల హాల్లో కుర్చీ వేసుకుని ఒక్కొక్కరినీ పిలిచాడు. అందరూ రంజిత్ చెప్పినట్టే చెప్పారు. నవనీత తలుపు దగ్గర నిలబడింది. చంద్రవ్వ వంతు వచ్చింది.

"సూది ఎవరు ఇచ్చారమ్మా?"

చంద్రవ్వ పక్కన నిలబడిన భర్త వైపు చూసింది.

"నేనే ఏసిన సార్," అన్నాడు రామచంద్రం.

లింగమూర్తి అతని చేతులు చూశాడు. "అయితే మందు ఎక్కువ ఎక్కించి ఉంటారు. లేదా ఆ అమ్మాయి ఎక్కించి ఉండాలి. షుగర్ ఊరికే అంత పడదు. అదే అయితే పోలీసులకు చెప్పాల్సి వస్తుంది."

చంద్రవ్వ లేచింది. "ఎక్కువ ఎక్కియ్యలే సారూ. గా పిల్ల రోజు ఎంతిస్తదో గంతే ఇచ్చింది. తిననిది నేను. ఉప్మా కిష్టవ్వకు పెట్టిన. కావాల్నంటే అడుగున్రి."

"నన్నెందుకు గుంజుతవే నడిమిట్ల!" అని కిష్టవ్వ అక్కడి నుంచే అన్నది.

ఎవరూ నవ్వలేదు.

"రోజూ ఇస్తుందా?" అన్నాడు లింగమూర్తి.

"రోజు. నాకే గాదు, అడిగినోళ్లందరికి ఇస్తది. పాపం, ఎన్నడు కాదనలే."

నవనీత తల వంచుకుంది. రామచంద్రం కుర్చీలో కూర్చున్నాడు.

"ఉపవాసం మీ ఇష్టం అమ్మా," అన్నాడు లింగమూర్తి. "నర్సు కాని మనిషి సూది ఇవ్వడం మాత్రం నేను వదిలేసేది కాదు."

"గట్లయితే రేపు పొద్దుగాల నువ్వచ్చి ఇస్తవా సారూ?"

లింగమూర్తి పోలీసుల ప్రస్తావన మళ్లీ తేలేదు. నమోదైన నర్సు వచ్చే వరకు కాలనీలో ఎవరికీ సూదులు ఇవ్వకూడదని ఆదేశం రాసి, రంజిత్ సంతకం తీసుకుని వెళ్లాడు.

ఆ సాయంత్రమే ఏజెన్సీ నవనీతను పని నుంచి తీసేసింది. వెళ్లే ముందు ఆమె చంద్రవ్వ గదికి వచ్చింది.

"నిన్ను కాపాడుదామనుకున్న బిడ్డా," అన్నది చంద్రవ్వ.

"ఎరుకే అవ్వా. దినాం తిను."

శనివారం నుంచి నర్సు వస్తుందని రంజిత్ చెప్పాడు. శనివారం ఎవరూ రాలేదు. ఆదివారం మెట్‌పల్లి నుంచి చంద్రవ్వ కూతురు వనజ వచ్చి తల్లిని తీసుకుపోయింది. వనజ ఇంట్లో ఉన్నవి రెండే గదులు. అత్తమామలు కూడా అక్కడే ఉంటారు. రామచంద్రం కాలనీలోనే ఉండిపోయాడు.

మూడో సోమవారం ఉదయం చంద్రవ్వ ఇడ్లీ తిన్నదని, సూది తానే ఇచ్చానని వనజ తండ్రికి ఫోన్ చేసి చెప్పింది. రామచంద్రం ఆ రోజు సాయంత్రం దీపం పెట్టాకే తిన్నాడు. అప్పటికి కాలనీకి నర్సు రాలేదు.