కెజియా అక్క సాక్ష్యం

ఇవాంజెలిన్‌ను శ్రీకాకుళం డాక్టరుకు చూపించడానికి చేయవలసినవి ఇవి. అక్కకు జీడి ఫ్యాక్టరీలో ఒక రోజు సెలవు అడగాలి. అటుకులు, బెల్లం వేరువేరు డబ్బాల్లో పెట్టాలి; కలిపితే ఇవాంజెలిన్ ముట్టదు. బస్సులో కిటికీ పక్క సీటు పట్టాలి. తిరిగొచ్చాక డాక్టరు చెప్పింది ఇంట్లో అందరికీ విడమర్చి చెప్పాలి. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కడినే కాబట్టి ఆ పని నాది.

ఇవాంజెలిన్ మా కెజియా అక్క కూతురు. నాలుగేళ్లు నిండినా పిలిస్తే పలకదు. చింతపిక్కలు వరసగా పేరుస్తుంది; వరస చెదిరితే ఏడుపు ఆపదు. డాక్టరు పరీక్షించి ఆటిజం అన్నారు.

"మేడమ్, పిల్లలు పుట్టాలని హార్మోన్ల మాత్రలు మింగినాను. దానివల్లేనా?" అని అక్క అడిగింది.

"కడుపులో ఉన్నప్పటి హార్మోన్లకూ దీనికీ సంబంధం ఉందా అని పరిశోధనలు జరుగుతున్నాయి. కొన్నింటిలో కొంత కనిపించింది. కానీ ఒక పిల్లను చూపించి ఇందువల్లే అని ఎవరూ చెప్పలేరు. మీరు తప్పేమీ చేయలేదమ్మా," అన్నారామె. టెక్కలిలో మాటలు నేర్పే చోటుకు వెంటనే పంపమన్నారు.

పలాసలో అక్క అత్తగారు దీనమ్మకు ఇదంతా చెప్పాను. ఆమె ఒక్క మాటే పట్టుకుంది.

"సూసినావా బాబూ, హార్మోన్లంట! దేవుడిచ్చేదాకా ఆగలేక మింగేసింది. ఆదివారం సర్చిలో లేచి తప్పు ఒప్పుకోమను. అప్పుడే పిల్లకి మాటొత్తది."

"బీపీ మాత్రకి నువ్వు దేవుడిచ్చేదాకా ఆగుతన్నావేటి అత్తా?" అంది అక్క.

"నోరు సూడు దీనికి! అందులో సగం పిల్లకొత్తే బాగుణ్ణు."

అక్క పనికి పోతే పిల్లను టెక్కలి తీసుకెళ్లవలసింది దీనమ్మే. ఒప్పుకుంటేనే తీసుకెళ్తానంది. మా చర్చి సంఘంలో ఒకసారి లేచి సాక్ష్యం చెబితే, అంటే తన బతుకులో జరిగింది అందరి ముందు చెప్పుకుంటే, ఆ మనిషిని అందరూ ఆ మాటతోనే గుర్తుపెట్టుకుంటారు. అక్క ఒప్పుకుంటే ఇవాంజెలిన్ ఎప్పటికీ తల్లి తప్పుకు పుట్టిన పిల్లే.

ఆదివారం అక్క లేచింది.

"నాను మాత్రలు మింగినాను. బిడ్డ కావాలనే మింగినాను. అది తప్పని డాక్టరమ్మ అన్లేదు, నానూ అనను. నా బిడ్డకి పెద్ద సప్పుడు పడదు, ఇక్కడికొత్తే డోలక్ కాస్త మెల్లగా కొట్టండి. అంతే."

పాస్టరు బర్నబా గారు దగ్గి, పాట మొదలుపెట్టారు.

దీనమ్మ అన్నంత పనీ చేసింది. అక్క ఫ్యాక్టరీలో సగం రోజు పనికి మారి, పిల్లను తనే టెక్కలి తీసుకెళ్తోంది. ఇవాంజెలిన్ ఇంకా మాట్లాడలేదు. పిలిస్తే మాత్రం ఒక్కోసారి తల తిప్పుతోంది.

ఇలాంటి పిల్ల మీకు ఎదురై, తల్లి ఏం చేసిందో అని అడగాలనిపిస్తే, అంతమంది ముందు తప్పని ఒప్పుకోకుండా నిలబడ్డ మా కెజియా అక్కను ఒక్కసారి తలుచుకోండి.