చలిమిడి తిన్న రాయి

నేను ఒక రాయిని. అంతమాత్రాన చులకనగా చూడకండి. మీ ముత్తాతల ముత్తాతలు కొమ్మలు పట్టుకుని ఊగకముందే నేను బురదనై సముద్రం అడుగున పడుకుని ఉన్నాను. వయసులో నాకంటే పెద్దవాళ్ళు మీ ఇంట్లో ఎవరూ ఉండరు కాబట్టి, కాస్త వేళాకోళం ఆడినా పడండి.

ఇప్పుడు మీరు వరినాట్లు వేసుకుంటున్న గోదావరి మట్టి కింద, బాగా లోతున, ఒకప్పటి సముద్రం ఒకటుంది. చచ్చిన చేపలు, నాచు, ఏటి నీళ్ళకు కొట్టుకొచ్చిన ఆకూ అలమూ అన్నీ దాని బురదలో కూరుకుపోయాయి. పైన ఇంకో పొర పడింది, దాని మీద మరొకటి. బరువుకి నలిగాను, వేడికి ఉడికాను. కడుపులో ఉన్న చచ్చిన సరుకంతా గ్యాసైపోయింది. ఇసకరాయికైతే సందులుంటాయి, గ్యాసు ఎటో అటు జారుకుంటుంది. నాకు ఆ అదృష్టం లేదు. పలక మీద పలకగా బిగుసుకుపోయి, పిసినారి మొలలో మూటలా దాన్ని పట్టుకు కూర్చున్నాను. చదువుకున్నవాళ్ళు నన్ను షేల్ అంటారు. ఉన్న పేరు చాలదని ఇంగ్లీషు పేరొకటి.

అలా హాయిగా ఉన్న నా మీదికి ఒకరోజు మనుషులు పైనుంచి తొలుచుకుంటూ వచ్చారు.

వెదుళ్ళలంక కొబ్బరితోటల పక్కన ఇనుప గోపురంలాంటి రిగ్గు నిలబెట్టారు. దాని కింద జరిగేదంతా అచ్చం పెళ్ళిచూపులే. పిల్ల ఒళ్ళు మందమా పలుచనా? కడుపులో సరుకెంత? ఉడికిందా, ఇంకా పచ్చిదా? కొడితే పుటుక్కున విరుగుతుందా, సాగుతుందా? ఇన్ని అడుగుతారు, ఒక్కటీ పిల్లని అడగరు.

నన్ను చూడాలని పట్టుబట్టింది హైమవతి అనే జియాలజిస్టు. గట్టిగా మాట్లాడేది కాదు గానీ, పట్టుకుంటే ఉడుం. ఆవిడ మీద పెద్దాయన జోగారావుగారు. నోట్లో వక్కపొడి, ముక్కు మీద కళ్ళజోడు, నాలుక మీద ‘కాదు’. ఆ పొర పచ్చిదే, ఇంకా గ్యాసు పట్టలేదని ఆయన చాలాకాలంగా అంటున్నాడు. పట్టిందని ఆవిడ అంటోంది. పోరగా పోరగా చివరికి ఆయన ఒప్పుకున్నాడు. ఒక్కసారి ఆ లోతు నుంచి రాయి తీయించుకో, గ్యాసు రాలేదా, రిగ్గు ఎత్తేస్తాం, ఈ పొర సంగతి ఇక ఎవరూ ఎత్తరు, నువ్వు ఆఫీసులో కూర్చుని మ్యాపులు మడతపెట్టుకోవచ్చు అన్నాడు. ఆ పరీక్షకు కూర్చున్న పిల్లని నేను.

బోలు గొట్టంలో ఇరుక్కుని నేను పైకి వచ్చిన ఆ పొద్దు చూడాలి మీరు. కోట్ల ఏళ్ళ తర్వాత మొదటిసారి ఎండ. అంతా ఒకటే హడావుడి. ఎందుకంటే పైకి వస్తున్నంతసేపూ నా కడుపులో గ్యాసు కారిపోతూనే ఉంటుంది. ఆలస్యం చేస్తే వట్టి రాయి మిగులుతుంది. తుడవాలి, స్టీలు డబ్బాలో పెట్టాలి, మూత బిగించాలి, డబ్బాని గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో దించాలి. మూత నుంచి ఒక సన్నని గొట్టం, నీళ్ళలో బోర్లించిన గాజు జాడీలోకి పోతుంది. నేను వదిలిన గ్యాసు అక్కడ బుడగలై తేలుతుంది. ఎన్ని బుడగలు తేలితే హైమవతి మాట అంత తేలినట్టు.

డబ్బాలో నన్ను కూర్చోబెట్టింది రిగ్గు మేస్త్రీ గవరయ్య. కోనసీమ మనిషి. ఆయన కొంటెతనం రిగ్గు మీద అందరికీ తెలుసు. జోగారావుగారి హెల్మెట్లో బతికున్న పీతను పెట్టిన మహానుభావుడు. హైమవతి అటు తిరిగి గొట్టం సరిచేసుకుంటుండగా, ఆయన తన టిఫిన్ డబ్బాలోంచి తమలపాకులో చుట్టిన ముద్ద ఒకటి తీసి నా పక్కన పెట్టి, మూత బిగించేశాడు.

నాకు నోరుంటే అప్పుడే చెప్పేదాన్ని.

ఆ రోజంతా బుడగలు ఒకటీ అరా. హైమవతి ముఖం వాడిపోయింది. మర్నాడు ఎండ ఎక్కేసరికి జాడీలో ఒకటే గలగల. బుడగ మీద బుడగ. జాడీ నిండితే మరో జాడీ పెట్టారు, అదీ నిండింది. కుర్రాళ్ళు ఈలలు వేశారు. ఎవరో స్కూటరేసుకుని వెళ్ళి కాజాలు పట్టుకొచ్చారు. జోగారావుగారు వక్కపొడి మింగేసి మరీ హెడ్డాఫీసుకి ఫోన్ చేశాడు. ఈ పొర మీద తనకు మొదటినుంచీ నమ్మకమేనని చెప్పాడు. మనుషులు ఎంత తొందరగా ఉడుకుతారో చూశారా, నాకు కోట్ల ఏళ్ళు పట్టింది. పెద్ద ఆఫీసర్లు రేపే వచ్చి చూస్తామన్నారు.

హైమవతి చేతిలో కాజా అలాగే ఉంది. రాయి ఇంత తొందరపడదు. ఆవిడకు ఆ అనుమానం తొలుస్తోంది. ఎవరూ చూడకుండా గొట్టాన్ని నీళ్ళలోంచి తీసి, అగ్గిపుల్ల గీసి దాని మూతి దగ్గర పెట్టింది. నా గ్యాసైతే మండాలి. పుల్ల టప్పున ఆరిపోయింది. ఇంకోటి గీసింది. అదీ ఆరిపోయింది.

నోరు మూసుకుంటే సరిపోయేది. వచ్చేవాళ్ళు జాడీలు చూస్తారు, శభాష్ అంటారు, వెళ్ళిపోతారు. ఆవిడ మాత్రం అందరినీ పిలిచి మూత తీయించింది. గుప్పున కల్లు వాసన. నా పక్కన తమలపాకు విప్పుకుని, ఉబ్బి, నురగలు కక్కుతూ చలిమిడి ముద్ద.

తడిబియ్యప్పిండి, బెల్లం. వెచ్చని నీళ్ళలో మూతేసి కూర్చోబెడితే పులవక ఏం చేస్తుంది?

“నీ పొరలో గ్యాసు లేదమ్మా, కల్లుంది” అన్నాడు జోగారావుగారు.

కుర్రాళ్ళు నవ్వు ఆపుకోలేక అటు తిరిగారు. అందరి కళ్ళూ గవరయ్య మీదే. ఆయన ఒక్కడే నవ్వడం లేదు.

“ఎగతాళికి కాదండి” అన్నాడు తలకాయ దించుకుని. “మొన్నే మా చిన్నదాన్ని అత్తారింటికి పంపామండి. పంపేటప్పుడు మా ఆవిడ చలిమిడి చేసిందండి, పిల్ల కడుపు చల్లగుండాలని. ఇదీ పుట్టిల్లొదిలి వత్తన్న పిల్లే కదండి. వట్టి చేతుల్తో ఎలా పంపుతామండి?”

హైమవతి ఆ ముద్దని ఆకుతో సహా డబ్బాలోంచి బయటికి తీసింది.

“ఈ ఒక్కసారీ మీరు ఎగతాళి చేసుంటే బాగుండేది బాబాయ్” అంది.

జోగారావుగారు రిగ్గు విప్పేయమన్నాడు. పైపులు దించడం మొదలైంది కూడా. ఆఫీసర్లు వచ్చేదాకా డబ్బా మాత్రం తనకు వదిలేయమని హైమవతి అడిగింది. ఎలాగూ వాళ్ళు నవ్వుకోవడానికి ఏదో ఒకటి ఉండాలని ఆయన సరేనన్నాడు. ఆవిడ తన చేతులతోనే నన్ను కడిగింది, తుడిచింది, మళ్ళీ మూత బిగించింది. ఈసారి తొట్టిలో నీళ్ళు బాగా కాచింది, నా పాతాళపు పుట్టింట్లో ఉన్నంత వేడి వచ్చేలాగ.

అసలు సంగతి నాకే తెలుసు. మొదటినుంచీ నేనూ వదులుతూనే ఉన్నాను, నా పద్ధతిలో. ఆ చలిమిడి గోలలో నా గొంతు ఎవరికి వినపడుతుంది?

ఒక బుడగ. చాలాసేపటికి ఇంకోటి. నడుంనొప్పి ముసలాడు మంచం దిగినట్టు, ఆగి ఆగి. అయినా ఆగిపోకుండా. అలా తెల్లవార్లూ వదిలాను.

పొద్దున్న ఆఫీసర్లు దిగారు. జోగారావుగారు కల్లు కథ ఎత్తుకుని, పీత దగ్గర నుంచి మొదలుపెట్టి, రసపట్టుకు వచ్చాడు. వాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. హైమవతి రాత్రంతా గ్యాసు పట్టిన జాడీని పైకి తీసింది. దాని మూతి దగ్గర పుల్ల గీసింది.

చిటికెన వేలంత నీలి మంట. వణికింది, నిలబడింది.

నవ్వులు ఆగిపోయాయి. గవరయ్య హెల్మెట్ తీసేసి ముందుకొచ్చి, రెండు చేతులూ ఆ మంట మీద చాపి కళ్ళకద్దుకున్నాడు. ఆయన వెనకాల కుర్రాళ్ళూ అద్దుకున్నారు. జోగారావుగారి చెయ్యి కూడా సగం దాకా లేచి, అందరూ చూస్తున్నారని గుర్తొచ్చి, కళ్ళజోడు సర్దుకుంది.

దించిన పైపులు మళ్ళీ ఎక్కాయి. పిల్ల ఉడికింది, విరుగుతుంది, సరుకు ఫరవాలేదు, మందం ఎంతో తేలాలంటే చుట్టూ ఇంకా బావులు తవ్వాలి అని రాసుకున్నారు. బావి బావికీ హైమవతే పెద్ద. అంతమాత్రాన రేపే మీ పొయ్యిలో మండుతాననుకోకండి. మా పిసినారి గుప్పిట విప్పాలంటే నీళ్ళతో కొట్టి మమ్మల్ని పగలగొట్టాలట, దానికి చాలా నీళ్ళు కావాలట, ఆ నీళ్ళు చేలకు వద్దా అని మీరు ఇంకా దెబ్బలాడుకుంటూనే ఉన్నారు. దెబ్బలాడుకోండి. నాకేం తొందర లేదు.

నన్ను నిలువునా కోసి, ఒక సగాన్ని మ్యూజియంలో అద్దాల పెట్టెలో పెట్టారు. కింద చీటీలో నా వయసు, లోతు, ఊరు ఉన్నాయి. చలిమిడి మాట లేదు. చూడ్డానికొచ్చే జనం నన్ను చూసి బొగ్గా అని అడిగి, డైనోసార్ ఎముకల వైపు పోతారు.

మొన్న ఒకాయన అటు పోలేదు. నా అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డాడు. దూరంగా ఉండమని కాపలావాడు కసిరితే, పిల్లని చూసుకోడానికొచ్చానండి అన్నాడు. పిల్లెక్కడా అని వాడు చుట్టూ వెతికాడు.

“ఏమ్మా” అన్నాడు గవరయ్య నాతో, గొంతు తగ్గించి. “కడుపు చల్లగుందా?”

హైమవతి ఎంత కడిగినా, నా పలకల సందులో ఒక చోట పిండి కాస్త తెల్లగా ఉండిపోయింది. ఆయనకు అది కనిపించినట్టుంది, నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

పద్నాలుగు కోట్ల ఏళ్ళ ముసలిదాన్ని పట్టుకుని పిల్లా అన్నవాడు లోకంలో ఆయనొక్కడే. నాకు మాత్రం ఆ రోజంతా సిగ్గుగా ఉంది.