పాట తెగకూడదు

ఆంప్లిఫయరు మీద దుమ్మును మద్దిలేటి నోటితో ఊదాడు, లుంగీ అంచుతో తుడిచాడు, మళ్లీ ఊదాడు. ఆ ఏడాది యాడికి ఊళ్లో నీళ్లకు కరువు గానీ దుమ్ముకు కాదు. ఇనుప బాకాలు రెండూ పంచలో బోర్లా పడి ఉన్నాయి. నెల రోజులుగా అతను మైకుసెట్టు ఎవరికీ ఇవ్వడం లేదు. ఊళ్లో ఎవరైనా చస్తే తాడిపత్రి నుంచి తెప్పించుకుంటున్నారు.

లోపల నులకమంచం మీద అతని భార్య బయమ్మ పడుకుని ఉంది. గొంతులో గడ్డ. పట్నం డాక్టర్లు కోశారు, కరెంటు పెట్టారు, ఆఖరికి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఒకప్పుడు ఊరంతా వినబడిన గొంతు ఇప్పుడు మంచం పట్టె దాటడం లేదు.

"నా పాట ఒక్క తూరి వినిపీ మామా" అని అడిగిందామె, మొన్నొకరోజు. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆమె నోరు తెరిచి అడిగినవి తక్కువ. ఇదీ తీర్చలేకపోతే నేనొక మనిషినా అనుకున్నాడు మద్దిలేటి.

చావు ఇళ్లలో తత్వాలు పాడేది బయమ్మ. తలాపున కూర్చుని ఆమె రాగం తీసిందంటే, అంతవరకూ బిర్రబిగుసుకుని ఉన్న మగవాళ్లు కూడా తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకునేవారు. మైకు పెట్టేది మద్దిలేటి. ఇద్దరికీ పరిచయమైంది కూడా అలాంటి ఇంట్లోనే. శవం గడప దాటేదాకా పాట తెగకూడదని ఆ చుట్టుపక్కల పట్టింపు. తెగితే పోయే మనిషి దారి తప్పుతుందంటారు. కరెంటు పోయినా, బయమ్మకు గొంతు ఎండినా, మద్దిలేటి బ్యాటరీ తగిలించి ఆమె పాట పట్టిన క్యాసెట్టు వేసేవాడు గానీ పాటను మాత్రం తెగనిచ్చేవాడు కాదు. ఆ విషయంలో అతన్ని వేలెత్తి చూపిన ఇల్లు లేదు.

మరి ఆమె బాగా పాడిందని ఒక్కనాడైనా అన్నాడా? రామ రామ! "మైకుకు దగ్గర జరుగు మే" అనేవాడు. "గుర్రుమంటాంది, కొంగు తగలనియ్యొద్దు" అనేవాడు.

"నీ చెవికి పాట యాడ పడతాది మామా, గుర్రు తప్ప" అని ఆమె నవ్వేసేది.

ఆ పాట ఇప్పుడు ఒకే ఒక్కచోట ఉంది. ఆ క్యాసెట్టు నలిగి తెగిపోకముందే జయరాజు అనే ఇంజినీరు దాన్ని తన చిన్న కంప్యూటరులోకి ఎక్కించాడు. చిన్నదంటే మరీ చిన్నది. అరచేతిలో పట్టే ఒక్క సర్క్యూటు అట్ట, కంప్యూటరంతా దానిమీదే. వానల కబుర్లు ఊరూరా మైకులో చెప్పడానికి ఒక సంస్థ తెచ్చింది. వానలే లేకపోయె, ఇక కబుర్లేముంటాయి? సంస్థ మూతపడింది. జయరాజు వెళ్లిపోతూ ఆ అట్టను మద్దిలేటి చేతిలో పెట్టాడు. ఇతగాడు ఆత్రంకొద్దీ దాన్ని తిన్నగా ఆంప్లిఫయరుకు తగిలించాడు. చిటుక్కుమంది. పాట బయటికొచ్చే భాగం మాడి ఊరుకుంది.

"అట్ట బాగుండాది అన్నా, దాని నోరే పోయింది" అన్నాడు జయరాజు ఫోనులో. "పాట లోపల అంకెల్లాగా ఉంటాది. అంకెల్ని శబ్దం చేసే ముక్క పాత వీసీడీ ప్లేయర్లో దొరుకుతాది. దాన్ని పీకి అట్టకు కలుపు. తీగలు యాడ కలపల్లో నేను చెప్తా. పక్కనే క్రిస్టలుంటాది, తాళమేసేది అదే. అది సరైంది కాకుంటే పాట పరిగెత్తుతాది, సూస్కో."

అందుకే ఈ పొద్దు తెల్లవారినప్పటి నుంచీ మద్దిలేటి పంచలో గొంతుక్కూర్చున్నాడు. ప్లేయరులోంచి పీకేటప్పుడు క్రిస్టలు కాలు విరిగింది. సామాన్ల డబ్బాలో వెతికి వేరేది వేశాడు. ఊడదీసినవి పోకుండా గంజిగిన్నె మూతలో వేసుకున్నాడు. దారంతో కట్టిన కళ్లద్దాలు చెమటకు ముక్కు మీది నుంచి జారుతున్నాయి. సోల్డరింగు పొగకు కళ్లు మండుతున్నాయి. వెంట్రుకంత తీగ, మొరటు వేళ్లు. రెండు తూర్లు వేలు కాలింది. థూ అనుకుని మళ్లీ అంటించాడు.

"బయమ్మ గంజి గూడా మింగల్యా అన్నా. జల్దీగా కానీ" అంది పక్కింటి సుబ్బరత్నమ్మ లోపలి నుంచి.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి తీగలు కలిశాయి. ఒక బాకాను గడపలో మంచం వైపు తిప్పి పెట్టి స్విచ్చి వేశాడు.

పాట వచ్చింది! అయితే సన్నగా, గబగబా, పదహారేళ్ల పిల్ల పాడినట్టు వచ్చింది. బయమ్మ కళ్లు తెరిచింది. ఎండుపుల్లల్లాంటి వేళ్లు మంచం పట్టె మీద తాళం వేశాయి. పెదాలు విచ్చుకున్నాయి. ఎన్నాళ్లయిందో ఆ మొహంలో నవ్వు చూసి.

"నా పెండ్లప్పటి గొంతు మామా" అంది గాలిలాంటి మాటతో.

"కాదు మే, తాళం తప్పింది. నీ గొంతు ఇట్లుంటాదా? ఉండు, క్రిస్టలు మారుస్తా."

"ఉండనీ. ఆపొద్దు."

"ఒక్క నిమిషం. నీ పాటే నేను తప్పుగా వినిపిస్తే నా మైకుసెట్టు పరువేం గానూ?" అని స్విచ్చి కట్టేశాడు.

ఒక్క నిమిషంలో అయ్యే పనా అది! ఇంకో చచ్చిన ప్లేయరు విప్పాలి. దాని క్రిస్టలు కాళ్లు విరక్కుండా తీయాలి, ఇక్కడిది ఊడదీసి మూతలో వేయాలి, అది ఇక్కడ అతకాలి. మధ్యలో కరెంటు పోయింది. సోల్డరింగు కడ్డీని బొగ్గుల మీద కాల్చి పని కానిచ్చాడు. పంచలో నీడ గోడ ఎక్కింది. లోపల చప్పుడు లేదన్న సంగతి అతనికి తట్టలేదు.

సుబ్బరత్నమ్మ గడపలోకి వచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంక చాలన్నా. లేయ్."

"అయిపాయ, అయిపాయ. ఇదో..." అంటూ బ్యాటరీ తగిలించి స్విచ్చి వేశాడు.

ఈసారి బయమ్మ వచ్చింది. ఆ బరువు, ఆ జీర, పైకి పోయేచోట కాస్త పగిలే ఆ గొంతు. గుర్రు లేదు, గరగర లేదు. గెలిచినవాడిలా తలెత్తి మంచం వైపు చూశాడు. పట్టె మీద వేళ్లు అలాగే ఉన్నాయి, కదలడం లేదు.

"నువ్వు ఆపినాక గూడా శానాసేపు తాళమేస్తానే ఉండెనన్నా" అంది సుబ్బరత్నమ్మ ఏడుస్తూ. "నీ పక్కే సూస్తా ఉండె. ఆపైన వేళ్లు ఆగిపాయ."

ఊరందరి చావుల్లోనూ తెగని పాట తన ఇంట్లో, తన చేత్తోనే తెగింది. మద్దిలేటి మంచం దగ్గరికి పోయి కింద కూలబడ్డాడు. బాకాలో ఆమె చరణం అందుకుంది. మొదటిసారి అతను గుర్రు కోసం కాకుండా పాట కోసం విన్నాడు.

"బాగా పాడినావు మే" అన్నాడు, బతికున్న రోజుల్లో ఒక్కసారీ అనని మాట.

మర్నాడు ఆమెను గడప దాటించేదాకా పాట తెగలేదు. శ్మశానం నుంచి వచ్చి స్నానం చేసి, అలవాటు కొద్దీ దుమ్ము తుడవడానికి పంచలో కూర్చున్నాడు. గంజిగిన్నె మూతలో, ఎండిన మెతుకుల పక్కన, తను ఊడదీసిన ఆ తప్పుడు క్రిస్టలు ఉంది. దాని కాళ్లకు సీసం ఇంకా అంటుకునే ఉంది.