పద్నాలుగో బిళ్ళ

టూరిస్టు బస్సులో వచ్చిన ఆల్ఫ్ కనబడకుండా పోయి రెండు గంటలయింది. నీడలోనే నలభై మూడు డిగ్రీలు. పడమట దుమ్ము గోడలా లేస్తోంది.

"ఇరవై నిమిషాల్లో తుఫాను మీ నెత్తి మీదుంటుంది," రేడియోలో హెలికాప్టర్ పైలట్ గొంతు. "ఒక్క దిక్కే తిరగగలను. ఎటు రమ్మంటావ్ నోలీన్?"

రేంజర్ నోలీన్ చెక్క పలక వైపు చూసింది. ఎర్రలోయ చూడబోయేవాళ్ళు తలా ఒక రేకు బిళ్ళ తీసుకెళ్ళాలి, తిరిగొచ్చాక ఈ పలక మీది మేకుకు తగిలించాలి. ఇరవై బిళ్ళలూ ఉన్నాయి. అంటే లోయలో ఎవరూ లేరు. అందుకే అందరూ ఇందాకటి నుంచీ క్యాంపు చుట్టూనే వెతుకుతున్నారు.

"బిళ్ళలు రాసుకునే పుస్తకంలో ఆల్ఫ్‌ది పద్నాలుగు. దాన్ని ఎవరు తగిలించారు?" అడిగింది నోలీన్.

"ఆయనే అయ్యుంటాడు," అన్నాడు బస్సు డ్రైవర్ గార్త్. "నా వైపు అలా చూడకు."

"తొందరగా బయల్దేరాలని నువ్వే తగిలించావేమో. నిరుడు చేశావుగా!"

"ఆ ఒక్కసారికి ఇంకెన్నేళ్ళు దెప్పుతావు తల్లీ? ఈసారి పలక జోలికే పోలేదు, ఒట్టు."

ఆల్ఫ్ భార్య తెల్మా బస్సు మెట్టు మీంచి లేచింది.

"అది పై వరస మేకు. ఆపరేషన్ అయిన కాణ్ణుంచి మా ఆయనకి చేతులు పైకి లేవవమ్మా. చొక్కా కూడా నేనే తొడగాలి. వెళ్ళేప్పుడు తీసిచ్చింది కూడా నేనే. అంత ఎత్తున ఎలా తగిలిస్తాడు?"

అందరి చూపులూ గార్త్ మీదికి తిరిగాయి. అతని మొహం పాలిపోయింది.

నోలీన్ అతన్ని కడిగేద్దామని నోరు తెరిచి, ఆగిపోయింది.

మధ్యాహ్నం జరిగింది గుర్తొచ్చింది. లోయ ఉత్తరపు కొండ అంచుకి మెట్లు మొదలయ్యే చోట, బండ మీద మెరుస్తూ ఒక బిళ్ళ. తిరిగొస్తూ ఎవరో పారేసుకున్నారనుకుంది. వారానికి రెండైనా అలా దొరుకుతాయి. జేబులో వేసుకుని, కిందికొచ్చి, ఖాళీగా ఉన్న మేకుకు తగిలించేసింది. నంబరు కూడా చూడలేదు.

"నోలీన్, ఎటు?" రేడియోలో పైలట్.

పదకొండేళ్ళ ఉద్యోగం పోవచ్చు. రేడియో బటన్ నొక్కింది.

"ఉత్తరం అంచుకి పో. మెట్ల దగ్గర్నుంచి పైకి వెతుకు. ఆ బిళ్ళ అక్కడ దొరికింది."

"దొరికిందా? మరి తగిలించిందెవరు?" అన్నాడు గార్త్.

తెల్మా ఆమెనే చూస్తోంది.

"గార్త్ కాదు," అంది నోలీన్, అక్కడున్న అందరికీ వినబడేలా. "నేను. తగిలించింది నేనే."