ఉప్పు లేని గ్లాసు

"మజ్జిగల ఉప్పే లేదేంది?" అన్నాడు బలరాం, ఖాళీ గ్లాసు వంటింటి గట్టు మీద పెట్టి మూతి తుడుచుకుంటూ.

కోడికూరకు ఉల్లిపాయలు తరుగుతున్న సరళ తలెత్తి చూసింది. అది మజ్జిగ కాదు. పొద్దున పై మడిలో వాడిపోయిన మిరప మొక్కలు నాలుగు పీకి, కాండాలు అడ్డంగా కోసి, ఆ గ్లాసు నీళ్లలో నిలబెట్టింది తను. కోసిన చోటి నుంచి తెల్లటి పోగులు పొగలా దిగి నీళ్లన్నీ తెల్లబడ్డాయి. కాండంలో బాక్టీరియా ఉంటేనే అలా దిగుతుందని ఖమ్మం కాలేజీలో, మైక్రోబయాలజీ ప్రాక్టికల్స్‌లో నేర్చుకుంది. ముక్కలు తీసేసి, మొగుడికి చూపిద్దామని గ్లాసు అక్కడుంచింది. ఆయన చూడలేదు, తాగాడు. మొక్కల్ని చంపేది మనిషినేమీ చేయదని తెలుసు కాబట్టి ఆమెకు ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే విసుగు. ఈ వంటింట్లో గ్లాసులో ఏమున్నా తన కోసం కలిపి పెట్టిందే అనుకునే మనిషికి ఏ ప్రయోగం చూపించగలం?

బలరాం ఇల్లెందులో ఒక ఆఫీసు గుమాస్తా. ఆరు రోజులు ఫైళ్లు, ఆదివారం వ్యవసాయం. కారేపల్లి పక్క తండాలో మిగతా ఆరు రోజులూ నీళ్లు పెట్టేది, కలుపు తీసేది, కూలీలకు అన్నం మోసేది సరళ. కాగితాల్లో మాత్రం ఆయన రైతు, ఈమె గృహిణి. నిరుడు ఆ పై మడిలోనే వంగతోట నిలువునా ఎండింది. ఆ రోగం మట్టిలోనే ఉండి మిరపకూ పడుతుంది, అక్కడ ఈ ఏడు మిరప వద్దని ఆమె అంటే, "డిగ్రీ చేన్ల మొలుస్తదా?" అన్నాడు. "మా కాలంల గీ బాక్టీరియాలు లేవు. కోడళ్లు చదువుకున్నంకనే వచ్చినయ్" అంది అత్త సక్రి.

ఇప్పుడు బలరాం సంచిలోంచి మందు ప్యాకెట్లు తీశాడు. పోయిన నెల కొట్టినవే.

"గదే మందు మళ్లీ ఎందుకు?"

"షాపాయన డోసు పెంచమన్నడు. కొట్టినంక పై మడి నిండ నీళ్లు పెట్టి, కింది మడికి వదులు. నేను జర నడుము వాలుస్త."

సరళకు లెక్చరర్ మాటలు గుర్తొచ్చాయి. బాక్టీరియాను ఒక్క పేరుతో పిలుస్తాం గానీ అది ఒక్కటి కాదు, లోపల వందల రకాలు. మందుకు బలహీనమైనవి చస్తాయి, తట్టుకున్నవి మిగులుతాయి, వాటి పిల్లలే చేనంతా నిండుతాయి. అంతేనా, పక్కనున్నదానికి కూడా ఆ తట్టుకునే గుణాన్ని అందించగలవు. అంత చిన్న ప్రాణి ఏడాదికేడాది మారుతోంటే, ఈ ఇంట్లో మందూ మారదు, మాటా మారదు. పద్నాలుగేళ్లుగా తన మీద చల్లుతున్నదీ ఒకటే: 'నీకేం ఎరుక.' కొత్తలో ఆ మాటకు రోజంతా కళ్లు తుడుచుకునేది. ఇప్పుడు ఉల్లిపాయ పాటి కూడా పనిచేయడం లేదు.

"పై మడి నీళ్లు పారితే రోగం కిందికి పోతది. మనకు పచ్చగున్నది గా కింది మడి ఒక్కటే" అంది.

"నీకేం ఎరుక" అన్నాడు బలరాం, మంచం వాల్చుకుంటూ.

సరళ పొయ్యి ఆపి పార తీసుకుంది.

రెండు మడుల మధ్య గండిని మట్టితో పూడ్చి తొక్కింది. పారా కాళ్లూ కడుక్కున్నాకే కింది మడిలో అడుగుపెట్టి, బోరు పైపును నేరుగా దానికి తిప్పింది. వచ్చేటప్పుడు పై మడిలో ఇంకో మొక్క పీకింది.

"కూర అయిందా?" అన్నాడు బలరాం కళ్లు నులుముకుంటూ.

ఆమె మంచం ముందు స్టూలు మీద గ్లాసెడు నీళ్లు పెట్టి, కోసిన కాండం అందులో నిలబెట్టింది. తెల్లటి పోగులు దిగసాగాయి.

"ఇందాక నువ్వు తాగింది గిదే. ఉప్పెందుకు లేదో సమజైందా?"

బలరాం గొంతు పట్టుకున్నాడు. "నాకేమన్న అయితదా?"

"ఏం కాదు. అది మొక్కలనే పడ్తది."

గడపలో కూర్చున్న సక్రి తన చేతిలోని చెంబులోకి ఓసారి తొంగి చూసుకుంది.

"గండి పూడ్చిన. ఎండిన మొక్కలన్నీ పీకి కాలవెడ్త. ఉల్లిపాయలు సగం కోసి పెట్టిన, మిగతాది నువ్వు చూసుకో" అంటూ సరళ మళ్లీ పార భుజాన వేసుకుంది. "షాపాయన ఫోన్ చేస్తే, రైతు చేన్ల ఉన్నదని చెప్పు."