ఒక వరుస కిందికి

ఒంగోలులో ఒక చిన్న ల్యాబ్‌లో రిపోర్టులు పంపేది నస్రత్. కంప్యూటర్ నుంచే అందరి ఫోన్లకూ మెసేజీలు వెళ్ళే సాఫ్ట్‌వేర్ ఒకటి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికితే ఓనరు నాగేంద్రబాబు తెచ్చి పెట్టాడు. ఎవరు తయారుచేశారో తెలియదు. ఇన్నాళ్ళూ బాగానే నడిచింది.

ఆ ఉదయం అది తనంతట తానే అప్‌డేట్ అయింది. నస్రత్ ఎప్పటిలాగే మెసేజీలు పంపేసి టీకి లేచింది. ఇంతలో ఫోన్ మోగింది.

"అమ్మాయ్, నేను అంకమ్మరావును. షుగరు పరీక్షకిస్తే ప్రెగ్నెన్సీ పాజిటివ్ అని పంపారేంటి?"

ఆమెకు నవ్వొచ్చింది. స్క్రీన్ చూశాక విషయం అర్థమైంది. లిస్టులో పేర్లు ఒక వరుస జరిగి, ప్రతి ఒక్కరికీ తన కిందివాళ్ళ రిపోర్టు వెళ్ళిపోయింది.

"సారీ అని ఇంకో మెసేజ్ కొట్టెయ్, సరిపోద్ది," అన్నాడు నాగేంద్రబాబు.

"మళ్ళీ దాంతోనేనా సార్?"

నస్రత్ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పింది. ఇద్దరు దొరకలేదు. టీబీ ఉన్న సిలార్‌కు 'నార్మల్' అని వెళ్ళింది, ఎంతసేపు మోగినా ఎత్తడం లేదు. అతని రిపోర్టు అందుకున్న బసవమ్మ ఫోన్ స్విచాఫ్.

బసవమ్మది ఊరి శివారు పల్లె. నస్రత్ ఆమె అసలు రిపోర్టు తీసుకుని ఆటో ఎక్కింది. దారి పొడుగునా సిలార్‌కు ఫోన్ చేస్తూనే ఉంది.

బసవమ్మ మిరపకాయలు ఆరబోసిన కళ్ళంలో ఒక మూల ఒంటరిగా కూర్చుని ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"దగ్గరికి రాబాకమ్మా. మనవరాల్ని కూడా పక్కింటికి పంపించేశా."

"పెద్దమ్మా, అది మీ రిపోర్టు కాదు. మాదే తప్పు. మీకేం లేదు."

బసవమ్మ చాలాసేపు నమ్మలేదు. అసలు కాగితం చేతిలో పెట్టి చదివి వినిపించాక కొంగు దించి ఏడ్చింది. కాసేపటికి తేరుకుని, "మరి ఆ జబ్బు ఉన్న మనిషికి చెప్పావా?" అని అడిగింది.

నస్రత్ జవాబు చెప్పేలోపే ఫోన్ మోగింది. సిలార్.

"ఇన్నిసార్లు చేశారేంటమ్మా? నార్మలంట కదా. మా చెల్లెలికి బాబు పుట్టాడు, చూడ్డానికి బస్సెక్కా."

"సిలార్ అన్నా, దిగండి. ఆ మెసేజ్ మీది కాదు."

అవతల కండక్టరు కేక వినిపించింది.

"మీకు టీబీ అని వచ్చింది. మందులు వాడితే తగ్గిపోద్ది అన్నా. ల్యాబ్ దగ్గరికి రండి, నేనూ వస్తున్నా. పెద్దాసుపత్రికి కలిసే వెళ్దాం."

"అయితే బిడ్డను ఎత్తుకోకూడదా?"

"ఇప్పుడే వద్దన్నా."

"సరేమ్మా," అన్నాడు మెల్లగా. "దిగుతున్నా."