కనుమలో ఆగిన మంచు

ఆదివారం భోజనాలయ్యాక అక్క చేసే మొదటి పని తన కుర్చీ పక్కన బకెట్ పెట్టుకోవడం. మ్యాప్ పరిచేది ఆ తర్వాతే. ఆటలో వాన పడితే గదిలో కూడా పడుతుంది కదా, అందుకని. ఫార్మసీ ఆంటీ గొడుగు తెచ్చుకునేది. బస్సు డ్రైవరన్న డ్యూటీ రెయిన్‌కోట్‌తోనే వచ్చి కూర్చుని, "ఈ కథకి వైపర్లు పెట్టించమ్మా" అనేవాడు. కింది పోర్షన్ వాళ్ళు మెట్ల మీద కనిపిస్తే, "ఈ వారం సముద్రం లేదుగా?" అని ఒక్కమాట అడిగి ఊరుకునేవాళ్ళు.

అక్క జెరాక్స్ షాపులో పనిచేస్తుంది. పాడైపోయిన పెద్ద పెద్ద షీట్లు ఇంటికి తెచ్చి, వాటి వెనక రాజ్యాలు గీస్తుంది. కథ చెప్పేది అక్క, అందులో మనుషులు మిగతా ముగ్గురూ. ఏం చేస్తారో చెప్పి డైస్ వేస్తారు, పడ్డ అంకెని బట్టి కథ ముందుకెళ్తుంది. రోజంతా జ్వరం మాత్రలు అమ్మే ఆంటీ అక్కడ గొడ్డలి పట్టిన వీరనారి. డ్రైవరన్న గుర్రమంటే భయపడే మంత్రగాడు. తమ్ముడేమో 'పిల్లి' అనే దొంగ. ఆ పిల్లి బొమ్మని వాడే మట్టితో చేసుకున్నాడు, ఒక చెయ్యి పొడుగ్గా వచ్చింది. వాడు స్కూల్లో ఉండగా మొదలైన కథ. వాడికి గడ్డం మొలిచి, వాడే పక్కవాళ్ళకి గడ్డాలు గీసేంత వరకూ నడుస్తూనే ఉంది.

ఆ ఇంట్లో రూల్ ఒకటే. ఎవరి డైస్ వాళ్ళే వెయ్యాలి, అదీ అందరి కళ్ళ ముందు. మనిషి రాకపోతే వాళ్ళ బొమ్మ కదలదు.

తమ్ముడికి వేరే ఊళ్ళో సెలూన్‌లో పని దొరికింది. వెళ్ళే ముందు ఆదివారం కథ రెండు కొండల మధ్య దారి, మంచు కనుమ దగ్గరికొచ్చింది. అవతల ఊరు. ఇన్నేళ్ళూ నడిచింది ఆ ఊరికే.

"అక్కా, ఇవాళ ముగించెయ్. ఇంకెంత, దిగితే ఊరేగా."

అక్క మ్యాప్ వైపు చూసింది. "మంచు పడుతూనే ఉంది. దారి కనిపించట్లేదు" అని లేచి నిలబడింది. "మిగతాది నువ్వొచ్చాక."

"నేనెప్పుడొస్తానో నాకే తెలీదు."

"అందుకే."

సగంలో ఆగిన కథ కోసమైనా వాడు పరిగెత్తుకొస్తాడు అనుకుంది. వాడికి ఒళ్ళు మండింది. డైస్ బల్ల మీద పడేసి బస్సెక్కేశాడు.

ఆ గదిలో మంచు ఆగలేదు. తలుపేసి కింద పాత దుప్పటి కుక్కారు. ఆంటీ, డ్రైవరన్న ఆదివారాలు మానలేదు, కాకపోతే వంటింట్లో కూర్చుని టీ తాగి వెళ్ళేవాళ్ళు.

"మనిద్దరం దిగిపోదాం ఆంటీ" అన్నాడు ఒకసారి డ్రైవరన్న.

"పిల్లిని అక్కడ వదిలేసా? ముందా టీ తాగు."

ఏడాది దాటాక తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, చేతులు గడ్డ కట్టుకుపోతున్నాయే. బయట ఎండ పేలిపోతోంది, నేను గ్లవ్స్ వేసుకుని తిరుగుతున్నా. మెడ మీద చెయ్యి పెడితే కస్టమర్లు కుర్చీలోంచి ఎగిరిపడుతున్నారు. నిన్న ఒకాయన చెవి తెగింది."

"డాక్టర్‌కి చూపించావా?"

"చూపించా. ఆటలో ఎక్కడాపారు అనడిగాడు. చెప్తే, అయితే మందుల్లేవు పొమ్మన్నాడు. శనివారం దాకా చూస్తానన్నాడు ఓనర్. తర్వాత కుర్చీ ఇంకొకరికి ఇచ్చేస్తాడు."

"సెలవు పెట్టి రా. వచ్చి డైస్ వెయ్, దిగిపోదువుగాని."

"ఇప్పుడు సెలవంటే మళ్ళీ రావద్దంటాడు."

పని పోతే ఇంటికొస్తాడు. అక్కకి ముందు తట్టింది అదే. "చూద్దాంలే" అని పెట్టేసింది.

శనివారం పొద్దున దుప్పటి తీసి గదిలోకి వెళ్ళింది. బల్ల కనిపించట్లేదు. చేత్తో మంచు తోస్తూ తోస్తూ పోతే పిల్లి దొరికాడు. పీకల్దాకా కూరుకుపోయి, ఆ పొడుగు చెయ్యి ఒక్కటీ పైకి పెట్టి ఉన్నాడు. వేళ్ళు నీలంగా ఉన్నాయి. మట్టి బొమ్మకి వేళ్ళు ఎప్పుడొచ్చాయో అక్క చూడనేలేదు.

అక్కడే నిలబడి ఫోన్ చేసింది.

"షాపులో ఉన్నావా?"

"తెరుస్తున్నా. ఏంటక్కా?"

"విను. మంచు ఆగింది. ఎండొచ్చింది. దారి కనిపిస్తోంది."

అటు నుంచి షట్టర్ చప్పుడు ఆగిపోయింది. "డైస్ వెయ్యాలిగా?"

"ఎండకీ వానకీ డైస్ ఎందుకురా. అది నేను చెప్పేదేగా."

"మొదట్నించీ నీ చేతిలోనేనా?"

"మొదట్నించీ."

గదిలో నీళ్ళు కారడం మొదలైంది. గడప దాటి మెట్ల మీదికి పోతున్నాయి. కింద నుంచి, "ఎండాకాలమొచ్చిందా అమ్మాయ్?" అని ఎవరో అరిచారు, చాపలు లాగుతున్నారు.

"వేళ్ళు తెలుస్తున్నాయక్కా" అన్నాడు తమ్ముడు.

"ఈ ఒక్కసారికీ రూల్ పక్కన పెడుతున్నా. పిల్లి ఊళ్ళోకి దిగాడు. గేటు తీసే ఉంది. ఇప్పుడేం చేస్తాడో చెప్పు."

"అక్కడే ఉండిపోతాడు. దొంగతనాలు మానేసి."

"సరే. రేపు ఆదివారం..."

"ఆదివారమేగా అక్కా అందరూ జుట్టు కత్తిరించుకునేది."

"అవునవును. చూసుకో, కస్టమర్ వస్తాడు."

మర్నాడు ముగ్గురే కూర్చున్నారు. పిల్లి ఊళ్ళో ఒక గుమ్మం ముందున్నాడు, వాణ్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆంటీ గొడుగు మూలన పెట్టి ఆ ఊళ్ళో అంగడి ఉందేమో చూస్తానంది. గదంతా వెచ్చగా ఉంది. అక్క ఎప్పట్లాగే బకెట్ పక్కన పెట్టుకుని, మ్యాప్ మీదికి వంగి, ఊరి మీద ఎండ కాస్తోందని చెప్పింది.

బకెట్లో టప్పుమని చుక్క పడింది. ఇంకోటి.

డ్రైవరన్న సీలింగ్ వైపు చూడలేదు, అక్క కళ్ళ వైపూ చూడలేదు. రెయిన్‌కోట్ టోపీ తల మీదికి లాక్కుని, "నా వంతేనా అమ్మా?" అన్నాడు.